అనంతపురం చిప్పు, జపాన్ గిరాకీ

ప్రశ్న: అనంతపురంలో మాది తొమ్మిది మంది కంపెనీ. వేరుశెనగ విత్తనాల్లో పుచ్చువీ, బూజు పట్టినవీ కెమెరాతో పట్టుకునే చిన్న ఏఐ చిప్పు డిజైన్ చేశాం. ప్రస్తుతానికి ఎఫ్‌పీజీఏ (డిజైన్‌ను పరీక్షించేందుకు మళ్ళీ మళ్ళీ మార్చి రాసుకోగల చిప్పు) బోర్డు మీదే నడుస్తోంది. జపాన్‌లో రాపిడస్ 2 నానోమీటర్ల చిప్పులు చేయబోతోందని చదివాం. అక్కడికి పోతే మాలాంటి వాళ్ళకు దారి దొరుకుతుందా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: దొరుకుతుంది. కాకపోతే మీరు చూస్తున్న వాకిలి వేరు, మీకు తెరుచుకునే వాకిలి వేరు.

రాపిడస్ 2022లో టయోటా, సోనీ, ఎన్‌టీటీ సహా ఎనిమిది కంపెనీల పెట్టుబడితో పుట్టింది. ఫ్యాక్టరీ హొక్కైదో దీవిలోని చితోసెలో, సాంకేతికత ఐబీఎంది. నమూనా ట్రాన్సిస్టర్లు పనిచేశాయని 2025 జులైలో చెప్పింది, ఉత్పత్తికి 2027 లక్ష్యం పెట్టుకుంది. ఏఐ చిప్పుల టెన్‌స్టోరెంట్ 2023లోనే దాంతో చేతులు కలిపింది. ఆ వరుసలో మీరూ నిలబడాలనుకోవడం ముచ్చటే. కానీ మీ పనికి 2 నానోమీటర్ల తరం చిప్పుల్లో ఉండే అంత సన్నటి గీత అక్కర్లేదు.

లెక్క చూడండి. గింజలు ఏరే యంత్రంలో జారుడు పళ్ళెం మీంచి గింజ సెకనుకు 3 మీటర్ల వేగంతో పడుతుందనుకుందాం. కెమెరాకూ, పుచ్చు గింజను ఊదేసే గాలి గొట్టానికీ మధ్య 10 సెంటీమీటర్లుంటే మీకు దొరికేది 33 మిల్లీసెకన్లు. ఆలోపు ఫొటో తీయాలి, చిప్పు తేల్చాలి, వాల్వు తెరుచుకోవాలి. ఇక్కడ కావలసింది ఆలస్యం లేకపోవడం, దుమ్ములో, మే నెల ఎండలో వేడెక్కకపోవడం. అంతకన్నా పాత, లావుపాటి 22, 28 నానోమీటర్ల తరాలు మీకు ధారాళంగా చాలు. ఇతరుల డిజైన్లకు చిప్పులు చేసిపెట్టే తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ భాగస్వాములతో కలిసి జపాన్‌లోని కుమమోటోలో కట్టిన ఫ్యాక్టరీ 2024 చివర్లో ఉత్పత్తి మొదలుపెట్టింది కదా, అది చేసేవాటిలో ఇవీ ఉన్నాయి. అయినా మొదటి నమూనాకే ఫ్యాక్టరీతో నేరుగా బేరానికి దిగకండి. 'షటిల్' అని ఉంటుంది, అందులో ఒకే వేఫర్ (చిప్పులు అచ్చేసే సిలికాన్ పలక) మీద పదిమంది డిజైన్లు అచ్చేస్తారు. నాలుగు తోటల చీనీకాయలు ఒకే లారీకెత్తి బాడుగ పంచుకున్నట్టే.

ఇప్పుడు అసలు వాకిలి. జపాన్‌లో మీకు కావలసింది ఫ్యాబ్ (చిప్పుల ఫ్యాక్టరీ) కాదు, గిరాకీ. హిగాషి హిరోషిమాలో సటాకే అని బియ్యం మిల్లు యంత్రాలు, గింజలు ఏరే ఆప్టికల్ సార్టర్లు చేసే పాత కంపెనీ ఉంది. అలాంటి యంత్రాల వాళ్ళే మీ కొనుగోలుదారులు. పోటీ లేదనుకోవద్దు. జపాన్ చిప్పుల కంపెనీ రెనెసాస్ తన ఆర్‌జడ్/వి చిప్పుల్లో ఏఐ భాగం కలిపే అమ్ముతోంది. దానికి లేనిదీ మీ దగ్గరున్నదీ ఒకటే, బుడ్డల మండీల్లో మీరు తీసిన ఫొటోలు. చిప్పు ఒక్కటే కాకుండా ఆ గింజల పరిచయంతో సహా అమ్మండి.

అక్కడ చిన్న కంపెనీ దగ్గర నేరుగా కొనడం తక్కువ. యొకొహామాలోని మ్యాక్నికా లాంటి పంపిణీదారు మధ్యలో ఉంటేనే నమ్మకం. మార్జిన్ పోతుందని ఏడవకండి, జపనీస్‌లో రాత్రి పదికి ఫోనెత్తేది వాళ్ళే.

నా అనుభవం ఒకటి చెప్తాను. 2011లో నేను పనిచేసిన బెంగళూరు కంపెనీ అక్కడి యంత్రాల సంస్థ ఒకదానికి నమూనాలు పంపింది. డేటాషీట్ (చిప్పు కొలతలు, వివరాలు రాసిన పత్రం) 14వ పేజీలో ఒక వోల్టేజి అంకె తప్పు పడింది. చిప్పు బాగానే ఉంది కదా అని మావాళ్ళు చడీచప్పుడు లేకుండా అంకె దిద్దేశారు. మూడు వారాలకు మెయిలొచ్చింది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు చెప్పలేదు అని. మేం ముగ్గురం మూడు రకాలుగా జవాబు రాశాం. ఆర్డరు పోయింది. ధర గురించి వాళ్ళు ఒక్క మాటా అడగలేదు. మీరు ఇవాళ్టి నుంచే ప్రతి మార్పుకూ తేదీ వేసి చిట్టా రాయండి. పదేళ్ళ పాటు అదే చిప్పు ఇస్తారా అని కూడా అడుగుతారు. తొమ్మిది మంది కూర్చుని దానికి నిజమైన జవాబు తయారుచేసుకోండి.

ప్రదర్శనల్లో డిసెంబరులో టోక్యోలో జరిగే సెమికాన్ జపాన్‌ది పెద్ద పేరు. అక్కడ ఎక్కువగా కనబడేది చిప్పులు తయారుచేసే యంత్రాలు, రసాయనాలు. మీరు నవంబరులో యొకొహామాలో జరిగే ఎడ్జ్‌టెక్ ప్లస్‌కు పోండి, అది యంత్రాల్లో ఇమిడ్చే చిప్పులు, సాఫ్ట్‌వేర్ల ప్రదర్శన. డబ్బు సంగతికొస్తే, కేంద్రం డిజైన్ ప్రోత్సాహక పథకంలో అర్హమైన ఖర్చులో సగం దాకా, 15 కోట్లకు మించకుండా ఇస్తుంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ బెంగళూరు కార్యాలయంలో కనుక్కోండి. డిజైన్ సాఫ్ట్‌వేర్ అందించే చిప్‌ఇన్ కేంద్రమూ అక్కడిదే.

ప్రశ్న: సార్, ఓర్వకల్లుకు జపాన్ భాగస్వామ్యంతో చిప్పుల ఫ్యాక్టరీ అంటున్నారు. ఏఐ చిప్పులు మన ఊళ్ళోనే చేయించుకోవచ్చా?
- ఇంజినీరింగ్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: కుదరదమ్మా. ఇండిచిప్, జపాన్ యిటోవా మైక్రో కలిసి 14 వేల కోట్లతో అక్కడ ప్రతిపాదించింది సిలికాన్ కార్బైడ్ ఫ్యాబ్. అవి లెక్కలు చేసే చిప్పులు కావు, అధిక వోల్టేజిని ఆపి వదిలే స్విచ్చులు. కరెంటు కార్లలో, సోలార్ ఇన్వర్టర్లలో వాడతారు. పవర్ ఎలక్ట్రానిక్స్ ఇష్టమైతే నీకది మంచి కబురే. గని-శకునాల సోలార్ పార్కు మీకు దగ్గరే కదా, సెలవుల్లో అనుమతి తీసుకుని అక్కడి ఇన్వర్టరు గది ఒకసారి చూసి రా.