నది ఒడ్డున పెరగడం జలవనరుల ఇంజినీరింగ్‌లో పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ చూపు వరకే. వంపులో బయటి గట్టు కోసుకుపోతుందని, లోపలివైపు ఇసుక మేట వేస్తుందని ఏటి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. చదువు దానికి లెక్క కడుతుంది. నీళ్లలో పుల్ల వదిలే ఆటనే తీసుకోండి: తిన్నగా పారేచోట 20 మీటర్లు కొలిచి వదిలిన పుల్ల 25 సెకన్లలో దాటితే పైనీటి వేగం సెకనుకు 0.8 మీటర్లు. అడుగున రాపిడికి నీరు నెమ్మదిస్తుంది కాబట్టి సుమారు 0.85తో గుణిస్తారు, 0.68 వస్తుంది. ఏటి అడ్డుకోత వైశాల్యం, అంటే వెడల్పును సగటు లోతుతో గుణిస్తే వచ్చేది, 12 చదరపు మీటర్లయితే ప్రవాహం సెకనుకు దాదాపు 8 ఘనపు మీటర్లు. నడిమధ్యనే వదిలితే వేగం ఎక్కువ చూపుతుంది, గాలి తోసినా తప్పే. అందుకే అడ్డంగా మూడు నాలుగు చోట్ల వదిలి సగటు తీయాలి.

డిగ్రీ సివిల్‌లో, పీజీ జలవనరుల్లో చేయడం మామూలు దారి. ద్రవ యాంత్రిక శాస్త్రం (ఫ్లూయిడ్ మెకానిక్స్), గణాంకాలు గట్టిగా రావాలి; చాలామంది తడబడేది అక్కడే.