టెక్ సందేహాలు: కంట్రోలర్ కలిసింది, ఆట మాత్రం కదలడం లేదు

పండగ అమ్మకాలు ముగిసిన నెలలో వచ్చే ఉత్తరాలకు, విప్పి చదవకుండానే సగం జవాబు రాసేయవచ్చు. ట్యాబ్ కొన్నారు, దానికి తోడు బ్లూటూత్ కంట్రోలర్ (ఆటలాడే బటన్ల పిడి) కొన్నారు, రైల్లోనూ హాస్టల్లోనూ హాయిగా ఆడుకుందామనుకున్నారు, ఏదో ఒకచోట చిక్కుకున్నారు. జత చేయడం ఎలాగో ఇక్కడ చెప్పను. కంట్రోలర్‌తో వచ్చిన కాగితంలో అది ఉంటుంది, పారేయకపోతే. మిగిలినవి చూద్దాం.

ప్రశ్న: పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌కు కంట్రోలర్ జత చేశాను. బాణం బటన్లతో హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ల మధ్య తిరగగలుగుతున్నాను. పబ్‌జీ తరహా ఆట తెరిస్తే మాత్రం ఒక్క బటనూ పనిచేయదు. పెట్టె మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్ వేసుకుంటే సరిపోతుందని అమ్మినవారు అంటున్నారు. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు.

మీ కంట్రోలర్ బాగానే ఉంది, ట్యాబ్ కూడా బాగానే ఉంది. ఆండ్రాయిడ్‌కు గేమ్ కంట్రోలర్ల భాష 2011లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచే తెలుసు. మీరు బటన్ నొక్కిన సంగతిని ట్యాబ్ అందుకుని ఆటకు చేరవేస్తుంది. దాన్ని వినాలా వద్దా అన్నది ఆట రాసినవారి ఇష్టం. వేలితో ఆడడానికి మాత్రమే రాసిన ఆట ఆ కబురును పట్టించుకోదు. పబ్‌జీ మొబైల్ చాలాకాలం కంట్రోలర్లను అధికారికంగా ఒప్పుకోలేదు. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ ఒప్పుకుంటుంది, కంట్రోలర్‌తో ఆడేవారిని అలాంటివారితోనే జోడించే ఏర్పాటు కూడా చేసింది. మైన్‌క్రాఫ్ట్‌కు ఇబ్బంది లేదు. ఇంట్లో ఉన్న కంప్యూటర్ నుంచో కన్సోల్ నుంచో ఆటను ట్యాబ్ మీదికి రప్పించుకునే పద్ధతికీ, ఎక్కడో సర్వర్‌లో నడిచే ఆటను ఇంటర్నెట్ మీద ఆడే క్లౌడ్ గేమింగ్‌కూ అయితే కంట్రోలరే అసలు సాధనం. కాబట్టి డబ్బు పెట్టేముందు చూడవలసింది మీరు ఆడే ఆట సహాయం పేజీని. పెట్టె మీది బొమ్మలను చూసి లాభం లేదు.

ఆ బొమ్మల సంగతే చెప్పాలి. కంట్రోలర్‌ను ఒప్పుకోని ఆట దృశ్యాలను పెట్టె మీద ఇంత పెద్దగా అచ్చు వేస్తారు. ‘అన్ని ఆటలకూ పనికొస్తుంది’ అని రాస్తారు. ఆ మాటను నిజం చేసే బాధ్యతను ఒక యాప్ మీదికి తోస్తారు. బటన్ నొక్కగానే, తెర మీద ఫలానాచోట వేలు పెట్టినట్టు ఆ యాప్ నటిస్తుంది. ఆట మోసపోతుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, ఒక యాప్ తెర మీద ఇంకొక యాప్ వేలు పెట్టడాన్ని ఆండ్రాయిడ్ మామూలుగా ఒప్పుకోదు. ఒప్పుకుంటే మీ బ్యాంకు యాప్‌లో ‘చెల్లించు’ అన్న బటన్‌ను కూడా ఎవరైనా నొక్కగలరు. అందుకే ఈ మ్యాపింగ్ యాప్‌లు రెండు దొడ్డిదారుల్లో ఏదో ఒకటి పడతాయి.

మొదటిది యాక్సెసబిలిటీ అనుమతి. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే యాప్‌ల కోసం, చేతులు సరిగా కదలనివారి కోసం పెట్టిన సౌకర్యం ఇది. ఆ అనుమతి ఉన్న యాప్ తెర మీద ఏముందో చదవగలదు, మీ తరఫున నొక్కగలదు. బ్యాంకు ఖాతాలను దోచే ఆండ్రాయిడ్ వైరస్‌లు చాలావరకు బతికేది దీని మీదే. ఆట బటన్ల కోసం ఈ అనుమతి ఇవ్వడమంటే కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడి చేతిలో బీరువా తాళాలు పెట్టడం. అతను మంచివాడే కావచ్చు. తాళాలెందుకన్నదే నా ప్రశ్న.

ఆండ్రాయిడ్ 13 నుంచి గూగుల్ ఒక అడ్డు పెట్టింది. ప్లే స్టోర్ బయట నుంచి దించుకున్న ఏపీకే ఫైలుతో వేసుకున్న యాప్‌కు యాక్సెసబిలిటీ అనుమతి ఇవ్వబోతే ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అని ఆపేస్తుంది. ఇప్పుడు కంట్రోలర్ పెట్టెలో వచ్చే కాగితం చూడండి. యాప్ సమాచారంలోకి వెళ్లి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, ఆ అడ్డును ఎలా తీసేయాలో బొమ్మలతో సహా నేర్పుతుంది. ప్రమాద హెచ్చరికను దాటడం వాడకం సూచనల్లో ఒక మెట్టుగా మారిపోయింది. తయారీదారు ఎవరైనా సరే, ఇలాంటి కాగితం అచ్చు వేసినవారిని నేను నమ్మను.

రెండో దారి ఇంకా ఘనమైనది. డెవలపర్ ఆప్షన్లు తెరిచి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయమంటారు. ఆండ్రాయిడ్ 11, ఆ తరువాతివి ఉన్న ట్యాబ్‌లలో కేబుల్ కూడా అక్కరలేదు, వైఫై మీదే డీబగ్గింగ్ నడుస్తుంది. దానికి ‘యాక్టివేషన్’ అని ముద్దుపేరు. ఇది యాప్‌లు తయారుచేసేవారి పనిముట్టు. ఈ దారిన లోపలికి వచ్చినవారు మీ ట్యాబ్‌లో కొత్త యాప్ వేయగలరు, యాప్‌లకు అనుమతులు ఇవ్వగలరు, తెరను ఫొటో తీయగలరు. ఆట ముగిశాక దీన్ని ఆపేవారు అరుదు. డీబగ్గింగ్ ఆన్‌లోనే ఉంటుంది, ట్యాబ్ బ్యాగులో ఉంటుంది, ఆ ట్యాబ్‌లోనే నాన్నగారి యూపీఐ యాప్ ఉంటుంది.

ఈ యాప్‌లు లొకేషన్ కూడా అడుగుతాయి. అది ఒక్కటీ చూసి కంగారుపడనక్కరలేదు. ఆండ్రాయిడ్ 11, అంతకు ముందరి వాటిలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి. 12 నుంచి ‘నియర్‌బై డివైసెస్’ అన్న అనుమతి చాలు. కొత్త ట్యాబ్‌లో కూడా లొకేషన్, కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు చూపించమని అడిగితే ఆ యాప్‌ను మారుమాట లేకుండా తీసేయండి. ఆట బటన్లకు మీ ఓటీపీలతో ఏం పని?

ఇప్పటికే వేసుకున్నవారికి ఒక మాట. ముందు యాక్సెసబిలిటీలో ఆ యాప్‌ను ఆపండి. తరువాత ‘డివైస్ అడ్మిన్’ (ట్యాబ్ మీద పెత్తనం ఉన్న యాప్‌ల) జాబితాలో అది ఉందేమో చూసి, ఉంటే అక్కడా ఆపి, ఆ పైన అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఈ వరుస తప్పితే కొన్ని యాప్‌లు మొండికేస్తాయి. డెవలపర్ ఆప్షన్లలో డీబగ్గింగ్ అనుమతులన్నీ రద్దుచేసి, ఆ ఆప్షన్లనే మూసేయండి. ఆ ట్యాబ్‌లో బ్యాంకు లావాదేవీలు చేసి ఉంటే పాస్‌వర్డులు, యూపీఐ పిన్ వేరే ఫోను నుంచి మార్చుకోండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే 1930కి ఫోన్ చేయడం మొదటి పని, మిగిలినవన్నీ తరువాత. ఇంత చెప్పాక ఇంకొకటి కూడా: పోటీ ఆటల్లో ఇలాంటి యాప్‌ను పసిగడితే ఖాతా మూసేసే అవకాశం ఉంది. ప్రమాదం సంగతి చెబితే వినని పిల్లలు ఈ మాటకు మాత్రం వింటారు.

ప్రశ్న: కంట్రోలర్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు రెండూ వాడుతున్నాను. హాస్టల్లో ఆడితే బటన్ నొక్కిన కాసేపటికి పాత్ర కదులుతోంది. ఊళ్లో ఇంటి దగ్గర ఇంత లేదు. కంట్రోలర్ మార్చాలా?

జవాబు: మార్చి లాభం లేదు. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద. పాత వైఫై రౌటర్లు, వైర్‌లెస్ మౌస్‌లు, చివరికి మైక్రోవేవ్ అవెన్ కూడా ఆ దరిదాపుల్లోనే. అమీర్‌పేట హాస్టల్లో ఒక్కో గదిలో నలుగురు, ఒక్కొక్కరికీ ఫోను, ఇయర్‌బడ్స్, వాచీ. ఆ రద్దీలో మీ బటన్ కబురు తన వంతు కోసం ఆగాలి. మీ ఇయర్‌ఫోన్లకు ఆగకుండా పాట పంపుతున్నది కూడా మీ ట్యాబ్‌లోని అదే రేడియో.

ముందు ఇయర్‌ఫోన్లు ఆపి ఆడి చూడండి. బటన్ చురుకుగా పలికితే దోషి ఎవరో తెలిసిపోయినట్టే. వైరున్న ఇయర్‌ఫోన్లు వాడండి. ట్యాబ్‌లో వాటిని గుచ్చే రంధ్రాన్నే తీసేసిన మహానుభావుల గురించి ఇంకోసారి రాస్తాను. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకోండి. ట్యాబ్‌కు పెన్‌డ్రైవో హబ్బో తగిలించి ఉంటే తీసేయండి. యూఎస్‌బీ 3 పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుట్టిస్తాయన్నది పాత సంగతే. ఇవేవీ కుదరకపోతే కంట్రోలర్‌ను కేబుల్‌తో ట్యాబ్‌కు కలపండి, చాలావాటికి ఆ వీలుంది. బటన్ సరిగ్గానే ఉండి శబ్దం ఒక్కటే ఆలస్యంగా వస్తుంటే మాత్రం అది పూర్తిగా ఇయర్‌ఫోన్ల సమస్య, కంట్రోలర్‌కు సంబంధం లేదు.

ప్రశ్న: కంట్రోలర్‌కు టైప్-సి పోర్టు ఉంది. ట్యాబ్ చార్జర్‌తో పెడితే ఎక్కడం లేదు. పాత ఫోను చార్జర్‌తో ఎక్కుతోంది. పాడైందా?

జవాబు: పాడవలేదు, తయారీదారు పిసినారితనం. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో పెట్టినప్పుడు, అవతల ఉన్నది చార్జింగ్ కోరే పరికరమేనని తేలేవరకు చార్జర్ కరెంటు ఇవ్వదు. ఆ గుర్తు చూపించేది పోర్టు వెనక ఉండవలసిన 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు. రూపాయి కూడా చేయని ఆ ముక్కలను చవక కంట్రోలర్లలో ఎగ్గొడతారు. పాత చార్జర్‌కు చదునైన పెద్ద పోర్టు (యూఎస్‌బీ-ఏ) ఉంటుంది, అది ఎవరినీ ఏమీ అడగకుండా 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. కనుక పాతదే వాడండి. అన్నిటికీ ఒకే పోర్టు వస్తే ఒకే చార్జర్ చాలునని సంబరపడ్డాం. రంధ్రం ఆకారం ఒకటైంది, అంతే.

ప్రశ్న: మా అబ్బాయికి ఆండ్రాయిడ్ 9 ఉన్న పాత ట్యాబ్ ఇచ్చాం. కంట్రోలర్ కోసం బ్లూటూత్ రోజంతా ఆన్‌లోనే ఉంచుతాడు. ప్రమాదమా?

జవాబు: ఉంది. బ్లూటూత్ లోకంలో కంట్రోలర్, కీబోర్డు, మౌస్ ఒకే కుటుంబం. ట్యాబ్ వీటిని ‘మనిషి చేతి పరికరాలు’గా చూసి, వాటి మాటను మీ మాటగానే తీసుకుంటుంది. 2023 డిసెంబరులో మార్క్ న్యూలిన్ అనే భద్రతా పరిశోధకుడు ఒక లోపాన్ని బయటపెట్టారు. దగ్గర్లో ఉన్న దుండగుడు తన కంప్యూటర్‌ను కీబోర్డుగా చూపించి, మీరు ఒప్పుకోకుండానే జత చేసుకుని, మీ పరికరంలో టైపు చేయగలడు. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు. ఆండ్రాయిడ్ 11 నుంచి 14 వరకు అదే నెలలో గూగుల్ మందు (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. 10, అంతకు ముందరివాటికి ఇవ్వలేదు. మీది 9.

అంటే ట్యాబ్‌ను పారేయమని కాదు. ఆడేటప్పుడు బ్లూటూత్ ఆన్, ఆట ముగియగానే ఆఫ్. దుండగుడు బ్లూటూత్ అందేంత దగ్గరలో ఉండాలి కనుక, ఇంట్లో కంటే రైల్లోనూ బస్టాండులోనూ జాగ్రత్త అవసరం. ఆ ట్యాబ్‌లో మీ అసలు గూగుల్ ఖాతా, బ్యాంకు యాప్, మీ కార్డు నంబరు ఏవీ ఉండకూడదు. ఆండ్రాయిడ్ 11, ఆ పైన ఉన్నవారు కూడా సెట్టింగులలో ‘సెక్యూరిటీ అప్‌డేట్’ పక్కనున్న తేదీ చూసుకోండి. 2023 డిసెంబరు 5 కంటే వెనకటి తేదీ ఉంటే మీరూ ఇదే పడవలో ఉన్నారు. మందు ఇవ్వడం గూగుల్ పని, దాన్ని మీ ట్యాబ్ దాకా తేవడం తయారీదారు పని. ఆ రెండో పని జరగని ట్యాబ్‌లు మన ఇళ్లలో కోకొల్లలు.

ఇక్కడ మీ ప్రశ్నను కాసేపు పక్కన పెడతాను. ఫోన్లకు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో ఇప్పుడు ప్రకటనల్లో చెప్పుకుంటున్నారు. చవక ట్యాబ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే ఎత్తరు. తెర ఎన్ని అంగుళాలో, బ్యాటరీ ఎంతో, స్పీకర్లు ఎన్నో రాస్తారు. పెట్టె మీద ఎమ్మార్పీ ఉంటుంది, తయారైన నెల ఉంటుంది. భద్రతా అప్‌డేట్లు ఏ నెలలో ఆగిపోతాయో ఉండదు. బిస్కెట్ పొట్లానికి ఉన్నపాటి గడువు తేదీ వేలు పోసి కొన్న ట్యాబ్‌కు లేదు. ఇది రాయడం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు కలిసే చాలా వస్తువుల తయారీదారులు (వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌లకు మినహాయింపు, సిమ్ వేసే ట్యాబ్‌లకు లేదు) భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో ప్రకటించి తీరాలి. అక్కడ చెప్పగలిగినవారు ఇక్కడ చెప్పలేరా? కొనేటప్పుడు దుకాణంలో ఈ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు దొరకదు, తెలుసు. పదిమంది అడిగితే ఆ ప్రశ్న పైవారి దాకా వెళ్లవచ్చు.

ప్రశ్న: ట్యాబ్‌ను మధ్యలో బిగించి, రెండు చేతులతో పట్టుకుని ఆడే సాగే కంట్రోలర్లు వస్తున్నాయి. మంచివేనా?

జవాబు: ఎనిమిది అంగుళాల ట్యాబ్‌కైతే సరే. పది, పదకొండు అంగుళాలవి దాదాపు అర కిలో ఉంటాయి, దానికి కంట్రోలర్ బరువు కలుపుకోండి. అరగంటకు మణికట్లు లాగేస్తాయి. ట్యాబ్‌ను స్టాండు మీద నిలబెట్టి మామూలు కంట్రోలర్ చేతిలో పట్టుకోవడమే సుఖం. రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే చిన్న బల్ల ఎలాగూ ఉంటుంది, అది ఊడిపోయి లేకపోతే.

ప్రశ్న: ఐప్యాడ్‌లో కంట్రోలర్ బటన్లు నాకు అలవాటైన చోట లేవు. మార్చడానికి యాప్ ఉందా?

జవాబు: యాప్ ఎందుకు? సెట్టింగులలో జనరల్, అందులో గేమ్ కంట్రోలర్. కంట్రోలర్ కలిసి ఉన్నప్పుడే అది కనిపిస్తుంది. ఏ బటన్ ఎక్కడికి కావాలో అక్కడే మార్చుకోవచ్చు.

ప్రశ్న: కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే స్టిక్ ముట్టుకోకపోయినా పాత్ర ఎడమవైపు నడిచిపోతోంది. ఏడాది కూడా కాలేదు.

జవాబు: స్టిక్ కింద ఒరుసుకుంటూ తిరిగే భాగం అరిగిపోయింది. ఆట సెట్టింగులలో ‘డెడ్ జోన్’ (స్టిక్ చిన్న కదలికలను ఆట పట్టించుకోని మేర) కాస్త పెంచండి, కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఏడాది లోపే అంటున్నారు కనుక ముందు వారంటీ కాగితం వెతకండి. మళ్లీ కొనవలసివస్తే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు ఉన్నది అడిగి తీసుకోండి. వాటిలో కదలికను అయస్కాంతంతో కొలుస్తారు, ఒరుసుకునే భాగం ఉండదు. విప్పి లోపల నూనె చుక్క వేయమని ఎవరైనా చెబితే వినకండి.