చైనా కుటుంబంలో పెరగడం ఎలా ఉంటుందో చెప్పే పిల్లల పుస్తకం ఏది?

ఒక్కటే చెప్పమంటే ఆండ్రియా వాంగ్ 2021లో రాసిన బొమ్మల పుస్తకం ‘వాటర్‌క్రెస్’. అమెరికాలోని ఒహాయోలో ఉండే చైనా కుటుంబం కారులో వెళ్తూ, రోడ్డు పక్క నీళ్లలో వాటర్‌క్రెస్ అనే ఆకుకూర కనబడగానే ఆగుతుంది. బురదలో దిగి కోయాల్సి వచ్చిన కూతురికి తల కొట్టేసినట్టవుతుంది. భోజనంలో ఆ కూర ముట్టదు. అప్పుడు తల్లి, చైనాలో కరువుకాలంలో చనిపోయిన తన తమ్ముడి సంగతి చెబుతుంది. మాటలు కొన్నే, కానీ పిల్లలు ప్రశ్నలతో వదలరు. ముందు మీరు చదివి పెట్టుకోండి. బొమ్మలు వేసిన జేసన్ చిన్‌కి 2022లో, అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకు ఇచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది.

సొంతంగా చదివే ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లకైతే గ్రేస్ లిన్ నవల ‘ద ఇయర్ ఆఫ్ ద డాగ్’. అది తైవాన్ నుంచి వచ్చిన కుటుంబం కథ. నవ్వులూ, తిండి కబుర్లూ బోలెడు.