జుట్టు నల్లబడదు, తళతళలాడుతుంది!

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ముఖాలు బాగా గీస్తుంది. జుట్టు దగ్గరికొచ్చేసరికి ఎంత గట్టిగా రుద్దినా నలుపు రాదు, వెలుతురులో చూస్తే మెరుస్తుంది. పెన్సిల్ చెక్కుతుంటే ముల్లు విరిగిపోతోంది. పన్నెండు పెన్సిళ్ల సెట్ కావాలంటోంది. కొనమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఇప్పుడే సెట్ వద్దమ్మా. స్కూల్లో రాసుకునే హెచ్‌బీతోనే గీస్తోందేమో చూడండి. దాన్ని కాటుక నలుపు ఇమ్మంటే ఎక్కడిస్తుంది? పెన్సిల్లో ఉండేది ఉత్త గ్రాఫైట్ కాదు, బంకమట్టి కలిపి కాల్చిన పుల్ల. యుద్ధం వల్ల ఇంగ్లండు గ్రాఫైట్ అందక, 1795లో ఫ్రాన్సులో కోంటే అనే ఆయన కనిపెట్టిన కిటుకు ఇది. మట్టి పాలు పెరిగితే గట్టిగా, లేతగా గీస్తుంది, అది హెచ్. గ్రాఫైట్ పెరిగితే మెత్తన, నలుపు, అది బి. హెచ్‌బీ ఈ రెంటికీ మధ్యరకం. బి ముందు అంకె పెరిగేకొద్దీ నలుపు పెరుగుతుంది.

మెరుపుకు కారణం మీ అమ్మాయి చెయ్యే. గ్రాఫైట్ సన్నసన్నటి రేకులుగా ఉంటుంది. గట్టిగా నొక్కితే అవి చదునుగా పరుచుకుని అద్దంలా వెలుగును తిప్పికొడతాయి. కాగితం గరుకూ అణిగిపోయి పైపొర పట్టదు. అందుకని 4బితో తేలిగ్గా, జుట్టు వాలు చూసుకుంటూ రెండు మూడు పొరలు వేసి, ఆ తర్వాత 6బి అందుకోమనండి. అయినా కాస్త మెరుస్తుంది, గ్రాఫైట్ నైజమే అంత. మెరుపే ఉండకూడదంటే చార్కోల్ పెన్సిల్, అంటే బొగ్గు పెన్సిల్ వాడాలి. కాకపోతే గ్రాఫైట్ పూసిన చోట అది సరిగ్గా పట్టదు, ఆ జాగా ముందే ఖాళీగా వదలాలి. కాగితం సంగతీ చూడండి. చార్టు నున్నగా ఉంటుంది, కాస్త గరుకుగా ఉండే డ్రాయింగ్ కాగితం, కార్ట్రిడ్జ్ పేపర్ అంటారు, అది కొనండి.

ఇక ముల్లు సంగతి. నా డ్రాయింగ్ లోయర్ పరీక్ష రోజు పెన్సిల్ పెట్టె బల్ల మీంచి జారిపడింది. పైకి ఏమీ కాలేదు. చెక్కిన కొద్దీ ముక్క ఊడి చేతిలోకొస్తోంది! కింద పడితే చెక్క బాగానే ఉంటుంది, లోపలి పుల్ల నాలుగు ముక్కలవుతుంది. పక్క బల్ల అబ్బాయి అరపెన్సిల్ ఇవ్వబట్టి ఆ పూట గట్టెక్కాను. మీవాళ్ల పెన్సిళ్లు కింద పడకపోతే మాత్రం తప్పు షార్ప్‌నర్‌ది, బ్లేడు మొద్దుబారి ఉంటుంది. మెత్తటి పెన్సిళ్లను నేను బ్లేడుతోనే చెక్కి, మొనను ఉప్పు కాగితం మీద తిప్పుతాను. పిల్ల చేతికి బ్లేడు ఇవ్వకండి, మీరే చెక్కండి.

2బి, 4బి, 6బి ఒక్కొక్కటి విడిగా కొనండి. మూడూ ఒకే కంపెనీవి తీసుకోండి, ఒకరి 4బి ఇంకొకరి 4బిలా ఉండదు. గీసేటప్పుడు అరచేతి కింద తెల్లకాగితం ముక్క పెట్టుకోమనండి, లేకపోతే ఆ జుట్టంతా నుదుటికి పులుముకుంటుంది.