లెడ్ అంటకపోతే తప్పు ఐరన్‌దే కానక్కర్లేదు

"అన్నా, గుత్తి దగ్గర పల్లెలో ఉంటాను, డిప్లొమా ఈసీఈ చదువుతున్నా. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కొన్నాను. లెడ్ (అతుకు వేసే సోల్డర్ తీగ) పిన్నుకు అంటకుండా ఉండలు కట్టి జారిపోతోంది. ఎక్కువసేపు పెడితే బోర్డు మాడుతోంది. వీడియోల్లో అందరూ క్షణంలో చేసేస్తున్నారు. టెంపరేచర్ కంట్రోల్ ఉన్న సోల్డరింగ్ స్టేషన్ కొనాల్నా?" అని అడిగావు.

తమ్ముడూ, స్టేషన్ ఇప్పుడే కొనొద్దు. నేను అనంతపురంలో టీవీలు, స్టెబిలైజర్లు, బోరు మోటర్ల స్టార్టర్ బోర్డులు బాగుచేసే పనిలో ఏళ్లుగా ఉన్నాను. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి వారంలో చెప్పే కంప్లయింట్ అచ్చం ఇదే. వాళ్ల చేతులు చూస్తే కారణం వెంటనే తెలిసిపోతుంది. ఐరన్ మొనకు లెడ్ తాకించి బొట్టు కరిగించుకుంటారు, ఆ బొట్టును మోసుకెళ్లి పిన్ను మీద పెడతారు. నువ్వూ అదే చేస్తున్నావని నా అనుమానం.

దాంతో వచ్చే తంటా ఏంటంటే, లెడ్ తీగ లోపల సన్నటి గొట్టంలో ఫ్లక్స్ ఉంటుంది. రాగి మీద, కాంపోనెంట్ కాళ్ల మీద పట్టే మకిలిని తినేసి లెడ్‌కు దారి ఇచ్చేది అదే. నువ్వు లెడ్‌ను ఐరన్ మీదే కరిగిస్తే ఫ్లక్స్ అక్కడే పొగై పోతుంది. బొట్టు పిన్ను దాకా వచ్చేసరికి అందులో ఫ్లక్స్ లేదు, అవతల పిన్ను చల్లగా ఉంది. ఇక అంటమంటే ఎట్లా అంటుంది? తామరాకు మీద నీటిబొట్టులా నిలబడి జారిపోతుంది. నాకు పని నేర్పిన పెద్దాయన మాట ఒక్కటే: "లెడ్‌ను కాల్చొద్దురా, కాలును కాల్చు." కాలు అంటే కాంపోనెంట్ కాలు. సోల్డరింగ్‌లో మిగతాదంతా ఈ మాట చుట్టూ తిరిగేదే.

ఇట్లా చేసి చూడు. పిన్ను బోర్డులోంచి బయటికి వచ్చిన చోట, పిన్నుకూ దాని చుట్టూ ఉన్న రాగి ప్యాడ్‌కూ ఒకేసారి తగిలేలా ఐరన్ ఆనించు. మొన కొసతో పొడవొద్దు, మొన పక్కభాగం ఆనాలి. కొస సన్నగా ఉంటే వేడి కిందికి దిగదు. మనసులో ఒకటి, రెండు అనుకో. అప్పుడు లెడ్ తీగను ఐరన్‌కు కాకుండా ఎదురు వైపు నుంచి పిన్నుకు తాకించు. వేడి చాలితే తీగ దానంతటదే కరుగుతుంది. ముందు చిన్న ఉబ్బుగా నిలబడ్డ లెడ్ చటుక్కున కిందికి వాలి, పిన్ను చుట్టూ తిరిగి అవతలి వైపు తేలుతుంది. ఆ వాలడం కంటికి స్పష్టంగా కనపడుతుంది. అది చూశాక ముందు లెడ్ తీయి, తర్వాత ఐరన్ తీయి. తారుమారు చేశావంటే తీగ జాయింట్‌కే అతుక్కుని కూర్చుంటుంది. మొత్తం మూడు నాలుగు సెకన్ల పని. ఆ తర్వాత ఒకటి రెండు సెకన్లు బోర్డు కదపొద్దు, నోటితో ఊదొద్దు.

ఒక చిన్న కిటుకు ఉంది. ఐరన్ ఆనించే ముందు మొనకు లెడ్ కొంచెం, మొన తడి అయ్యేంత మాత్రం, అంటించుకో. పొడిగా ఉన్న మొన పిన్నుకు ఒక చుక్కంత చోటే తగులుతుంది, తడి మొన అయితే వేడి గబగబా దిగుతుంది. బొట్టు మోసుకెళ్లడం వేరు, ఇది వేరు. ఇది వేడి దిగడానికి మాత్రమే, జాయింట్‌కు కావలసిన లెడ్ తీగ నుంచే రావాలి.

జాయింట్ బాగా వచ్చిందో లేదో పక్కనుంచి చూడు. బాగుంటే లెడ్ ప్యాడ్ అంచుల దాకా పరుచుకుని, పిన్ను వైపు లోపలికి వంగిన వాలుతో పైకి ఎక్కి ఉంటుంది, లోపలి పిన్ను ఆకారం తెలుస్తూనే ఉంటుంది. ఉండలా ఉబ్బి, అడుగున ప్యాడ్ అంచు దగ్గర నల్లటి సందు కనిపిస్తే అది అంటలేదని లెక్క. పైన గరుకుగా, మసకగా ఉంటే ఆరేటప్పుడు కదిలిందన్నమాట, దాన్నే మేం డ్రై అంటాం. డ్రై పడిన చోట కొత్త లెడ్ కుప్పపోస్తే సరిపోదు. ఐరన్ ఆనించి, కొంచెం ఫ్లక్స్ రాసి, మొత్తం మళ్లీ కరిగి వాలనివ్వాలి.

ఇక నీ ఊరి సంగతి. పల్లె అన్నావు కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్తా, వీడియోల్లో ఎవరూ చెప్పరు. 25 వాట్ల ఐరన్ 25 వాట్లు ఇచ్చేది 230 వోల్టులు అందినప్పుడే. బోర్లకు కరెంటు ఉన్న టైమ్‌లో మోటర్లన్నీ ఒకేసారి లాగితే కొన్ని ఊళ్లలో ఇళ్లకు వచ్చే వోల్టేజీ 180కి కూడా పడిపోతుంది. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది, వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వేడి మూడో వంతుకు పైగా పోతుంది. 180 దగ్గర నీ ఐరన్ దాదాపు 15 వాట్ల ఐరన్. సన్న లెడ్ దాని మీద కరుగుతుంది కాబట్టి బాగానే ఉందనుకుంటావు. పిన్నును, ప్యాడ్‌ను వేడి చేసేంత బలం మాత్రం దానికి ఉండదు. అప్పుడు ఎక్కువసేపు పెట్టి ఉంచుతావు. జాయింట్ కాదు, దాని చుట్టూ బోర్డు మాడుతుంది. నువ్వు చెప్పింది సరిగ్గా ఇదే.

ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు చూసి వోల్టేజీ బాగుందనుకోవద్దు, దాని లోపలి డ్రైవర్ 180లోనూ వెలుగు తగ్గనివ్వదు. సీలింగ్ ఫ్యాన్ నెమ్మదించిందా చూడు. మల్టీమీటర్ ఉంటే ఏసీ 750 రేంజ్‌లో పెట్టి సాకెట్‌లో కొలువు. ప్రోబుల లోహం వేలికి తగలకుండా పట్టుకో. వోల్టేజీ తక్కువుంటే మోటర్లు ఆగిన టైమ్‌లో పని పెట్టుకో. అది కుదరకపోతే 35 వాట్ల ఐరన్ తెచ్చుకో. ఏదైనా మూడు పిన్నుల ప్లగ్ ఉన్నదే తీసుకో. ఎర్త్ లేని ఐరన్ మొనకు లీకేజీ వస్తే మాస్‌ఫెట్‌లు, మైక్రోకంట్రోలర్లు లాంటి సున్నితమైన పార్టులు చెప్పకుండా పోతాయి.

మొన నల్లబడిందా? అయితే అది కూడా ఒక కారణం. నల్లటి పొర వేడిని దిగనివ్వదు, లెడ్‌ను అంటనివ్వదు. ఇప్పుడొచ్చే మొనలకు రాగి మీద ఇనుప పూత ఉంటుంది. దాన్ని ఆకురాయితోనో ఉప్పు కాగితంతోనో రుద్దితే పూత లేచిపోయి, లోపలి రాగిని లెడ్ తినేస్తుంది, కొన్నాళ్లకు మొన గుంతలు పడుతుంది. పూత లేని పాతకాలపు రాగి మొనలను మాత్రం అరగదీసుకోవచ్చు, అప్పట్లో అందరూ అదే చేసేవాళ్లు. ఆ అలవాటు కొత్త ఐరన్ మీద చూపించొద్దు. తడి చేసి గట్టిగా పిండిన స్పాంజి చాలు, అది లేకపోతే మడత పెట్టిన తడి నూలుగుడ్డ. టెరిలిన్ గుడ్డ కరిగి మొనకు అంటుకుంటుంది. తుడిచిన వెంటనే మొనకు మళ్లీ లెడ్ పట్టించు. స్విచ్ ఆపేసే ముందు మాత్రం తుడవకు, మొన ఒళ్లంతా లెడ్ ఉండగానే ఆపేయి. గంటల తరబడి ఊరికే ఆన్‌లో వదలొద్దు.

లెడ్ కొనేటప్పుడు అంగట్లో "సోల్డర్ లెడ్ ఇవ్వండి" అని ఊరుకోకు. 60/40 అనో 63/37 అనో అడుగు. ముందు అంకె తగరం, రెండోది సీసం. 63/37 సరిగ్గా 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గట్టిపడుతుంది, అందుకే చేయి వణికే కొత్తవాళ్లకు ఇదే మేలు. 60/40 సుమారు 190 దగ్గర పూర్తిగా కరుగుతుంది, అదీ మంచిదే. చవగ్గా వస్తుందని 40/60 తెచ్చుకుంటే పూర్తిగా కరగడానికి దాదాపు 240 కావాలి, మధ్యలో ముద్దలా ఉంటుంది, తక్కువ వోల్టేజీలో బాగా సతాయిస్తుంది. మందం 22 గేజ్ అడుగు, అంటే ఇంచుమించు 0.7 మిల్లీమీటరు. 18 గేజ్ వైర్ల అతుకులకు పనికొస్తుంది కానీ ఐసీ కాళ్ల దగ్గర రెండు కాళ్లను కలిపేస్తుంది. సీసం లేని (లెడ్-ఫ్రీ) సోల్డర్ 217 డిగ్రీలు దాటితే గాని కరగదు, నేర్చుకునే రోజుల్లో దాని జోలికి పోకు. ఫ్లక్స్ పేస్ట్ డబ్బా రోజిన్‌ది (చెట్టు బంకతో చేసేది) తీసుకో, పాత్రలకు అతుకులు వేసేవాళ్లు వాడే ఆసిడ్ ఫ్లక్స్ బోర్డుల మీద వాడితే కొన్నాళ్లకు ట్రాకులు, అంటే బోర్డు మీది రాగి గీతలు, తుప్పు పడతాయి.

మకిలి ఉన్న కాలును ఎంత కాల్చినా లెడ్ పట్టదు. పాత డబ్బాలో ఏళ్లుగా పడున్న రెసిస్టర్ల కాళ్లను బ్లేడుతో గీకి మెరిసేదాకా తెచ్చుకో. మోటర్ వైండింగ్ తీగ రాగిలాగే కనిపిస్తుంది, కానీ దాని మీద వార్నిష్ ఉంటుంది, అది గీకనిదే పని కాదు. ఇంటికి వచ్చే సర్వీస్ వైర్ అల్యూమినియం, దానికి మామూలు లెడ్ పట్టదు, ప్రయత్నం చేసి విసుగు తెచ్చుకోకు. లిథియం సెల్లుల మీద నేరుగా ఐరన్ పెట్టడం ప్రమాదం, అవి ట్యాబులు (అతుకు వేసుకునే రేకు ముక్కలు) ఉన్నవే కొనుక్కో.

డ్రై జాయింట్ ఎంత సతాయిస్తుందో చూడాలంటే స్టార్టర్ బోర్డు చూడాలి. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక రైతు తెచ్చిన బోర్డు గుర్తుంది. "ఒగసారి ఆన్ అయితాది, ఒగసారి కాదు సార్, పెట్టె మీద ఒకటి పీకితే తిరుగుతాది" అన్నాడు. ఆ మాటతోనే సగం రోగం తెలిసిపోయింది. కాంటాక్టర్ (మోటర్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) పడ్డప్పుడల్లా పెట్టె అదురుతుంది, బోర్డు మీద బరువైన పార్టులైన రిలే, ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గరే ఆ అదురు అంతా పడుతుంది. పైనుంచి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. భూతద్దం పెట్టి బోర్డును లైటుకు ఏటవాలుగా తిప్పితే రిలే కాలు చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత గుండ్రంగా కనిపించింది. వేలితో రిలేను కదిపితే కాలు ఆ గీత లోపల సన్నగా కదులుతోంది. ఇట్లా అదురుకు చీలిన చోట పాత లెడ్‌నే కరిగించి వదిలేస్తే వారం తిరగకుండా మళ్లీ వస్తుంది. పాతదంతా సక్కర్‌తో (కరిగిన లెడ్‌ను పీల్చే పంపుతో) లాగేసి, కాలు గీకి, కొత్త లెడ్ పెట్టాలి. ఇలాంటి లావు కాళ్లకు 25 వాట్లు చాలవు, మా దగ్గర దీనికి 60 వాట్లది వేరే ఉంటుంది. నువ్వు మాత్రం నేరుగా ఇంటి కరెంటు మీద నడిచే బోర్డుల జోలికి ఇప్పుడే పోకు. ప్లగ్ తీసేసినా వాటి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

ప్రాక్టీసుకు కొత్త కిట్ పాడుచేయొద్దు. గుజరీ అంగట్లో పాత రేడియో బోర్డులు, రిమోట్లు దొరుకుతాయి. వాటిలోంచి రెసిస్టర్లు ఊడదీయి, మళ్లీ అదే చోట పెట్టు. ఊడదీయడంలో ఐరన్ ఎంతసేపు పెట్టాలో చేతికి తెలుస్తుంది. సక్కర్ పెట్టేముందు పాత జాయింట్‌కు కొంచెం కొత్త లెడ్ కలుపు, అప్పుడు తేలిగ్గా వస్తుంది. ప్యాడ్ లేచిపోతే భయపడకు, పక్కనున్న ట్రాక్ మీది ఆకుపచ్చ పూత బ్లేడుతో గీకి సన్న తీగతో కలిపేయొచ్చు. కొత్త బోర్డు మీద పొట్టి పార్టులు ముందు, పొడుగువి తర్వాత. ఐసీకి బేస్ (దాన్ని గుచ్చే సాకెట్) పెట్టు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మీద చార ఉన్న వైపు మైనస్.

పొగ గురించి ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు. ఆ పొగ సీసానిది కాదు, ఫ్లక్స్‌ది, ఈ వేడికి సీసం ఆవిరి కాదు. అయినా ఆ పొగ ఊపిరికి మంచిది కాదు, ఆస్తమా ఉన్నవాళ్లకు అస్సలు పడదు. ముఖం నేరుగా పైన పెట్టొద్దు. కిటికీ దగ్గర కూర్చో, కానీ గాలి జాయింట్‌కు తగలకూడదు. మన వైపు ఆషాఢం గాలికి కిటికీ ఎదురుగా కూర్చుంటే ఐరన్ మొన కూడా చల్లబడుతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ ఆపడం కష్టమే, అందుకే మేం తెల్లారి పూట పని పెట్టుకునేవాళ్లం. సీసం అసలు భయం చేతి నుంచి నోట్లోకి పోవడం. లెడ్ తీగ పళ్లతో పట్టుకోకు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని గాని ఏదీ తినకు.

స్టేషన్ ఎప్పుడు కొనాలంటే, ఈ ఐరన్‌తో జాయింట్లు వరసగా ఒకేలా వస్తూ, చిన్న ఎస్ఎండీ పార్టుల (రంధ్రాలు లేకుండా బోర్డు మీదే అతికేవి) పని మొదలైనప్పుడు. అప్పుడు 330 నుంచి 350 డిగ్రీల మధ్య పెట్టుకుంటే చాలు.

ఈసారి చేసిన జాయింట్ల ఫొటో పెట్టు, బోర్డును వాల్చి పక్కనుంచి తీయి, పైనుంచి తీస్తే నాకేమీ తెలియదు. ఆ టైమ్‌లో సాకెట్‌లో ఎన్ని వోల్టులు ఉన్నాయో కూడా రాయి.