అరవైల నాటి సోల్ సంగీతాన్ని ఈనాడు ఎలా వినాలి?

నల్లజాతి అమెరికన్ల సంగీత శైలులైన సోల్, రిథమ్ అండ్ బ్లూస్‌లలో 1960ల నాటి పాటలను కొత్తగా వినాలనుకునేవారు గాయకుల జాబితాలు వెతకడం కంటే, ఒక స్టూడియోను ఎంచుకుని అక్కడి వాద్యబృందాన్ని అనుసరించడం మేలని నా అభిప్రాయం. అమెరికాలోని మెంఫిస్ నగరపు స్టాక్స్ రికార్డింగ్ సంస్థ ఇందుకు చక్కగా సరిపోతుంది. పాత సినిమా హాలును స్టూడియోగా మార్చుకున్న ఆ సంస్థలో, జాతివివక్ష బలంగా ఉన్న రోజుల్లోనే, నల్లజాతి, తెల్లజాతి కళాకారులు కలిసిన బుకర్ టి అండ్ ది ఎంజీస్ బృందం ఓటిస్ రెడ్డింగ్ వంటి గాయకులకు సహకారం అందించింది. 1965 తర్వాతి పాటల్లో అల్ జాక్సన్ డ్రమ్స్ మీద, స్టీవ్ క్రాపర్ గిటార్ మీద, ప్రతి నాలుగు దెబ్బల్లో రెండో, నాలుగో దెబ్బలను రవ్వంత ఆలస్యంగా వేయడం గమనిస్తే, ఆ పాటల తూగు ఎక్కడినుంచి వస్తుందో అర్థమవుతుంది.

సింగిల్ రికార్డులను అప్పట్లో ఎక్కువగా రేడియో కోసం మోనోలోనే (ధ్వని అంతా ఒకే చానల్‌లో) సిద్ధం చేసేవారు కనుక, మోనో ప్రతి దొరికితే దానినే వినండి. తర్వాతి స్టీరియో (రెండు చానళ్ల) ప్రతులు కొన్ని పలచగా వినిపిస్తాయి. జాజ్ వైపు వెళ్లాలనుకుంటే జిమ్మీ స్మిత్ వాయించిన హామండ్ ఆర్గన్ (ఒక ఎలక్ట్రిక్ కీబోర్డు వాద్యం) సులభమైన దారి.

ఇదే పద్ధతిలో ఈ కాలపు రికార్డులు కావాలంటే, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మొదలై, కంప్యూటర్‌లో కాక పాతకాలపు అనలాగ్ టేపు మీద రికార్డు చేసిన డాప్టోన్ రికార్డింగ్ సంస్థ నుంచి గాయని షారన్ జోన్స్ పాటలు వినవచ్చు.