డాక్టర్ సలహా: మాటలు రాని పేషెంట్ గొడవ చేస్తుంటే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పోయిన నెల మా వార్డులో 22 ఏళ్ల అబ్బాయి జ్వరంతో చేరాడు. పుట్టినప్పటి నుంచి బుద్ధిమాంద్యం, మాటలు రావు. రెండో రోజు నుంచి అన్నం తోసేయడం, తల గోడకేసి కొట్టుకోవడం, రాత్రంతా అరవడం. ఇలాంటి వాళ్లు ఇంతేలే అనుకుని మత్తు ఇంజెక్షన్ ఇచ్చాం, చేతులు కట్టాం. నాలుగో రోజు ఎక్స్‌రే తీస్తే పేగు నిండా మలం గట్టిపడి ఉంది. ఎనిమా ఇచ్చాక కాసేపటికే హాయిగా నిద్రపోయాడు. నాకే నిద్ర పట్టడం లేదు. కోర్సులో దీని గురించి మేం చదువుకున్నది చాలా తక్కువ. నా తోటి సిస్టర్లకు, అలాంటి పిల్లల తల్లులకు నేనేం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: సిస్టర్, మీరు అన్నీ రాశారు కానీ ఒక్కటి రాయలేదు. ఆ నాలుగు రోజులూ వాళ్లమ్మ ఎక్కడున్నారు? వార్డు బయట బెంచీ మీద, విజిటింగ్ టైమ్ ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తూ ఉండి ఉంటారు. ఆవిడను లోపలికి పిలిచి, 'అబ్బాయి దొడ్డికి వెళ్లి ఎన్ని రోజులైంది?' అని అడిగి ఉంటే బహుశా మొదటి రోజే తేలిపోయేది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఇదే తప్పు నేనూ చేశాను.

పీజీ చేసే రోజుల్లో పదహారేళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. ఉన్నట్టుండి తిండి మానేసింది, తన చెంప తనే కొట్టుకుంటోంది. నేను ప్రవర్తన సమస్య అని కేస్ షీటులో రాసి, అంతకుముందు వాడుతున్న మందు డోసు పెంచాను. వారమైనా అంతే. ఒక రోజు పొద్దున పెద్ద సిస్టర్ ఒకావిడ ఇడ్లీ తినిపిస్తూ గమనించారు. ఆ పిల్ల ప్రతి ముక్కనూ నాలుకతో ఎడమ పక్కకే నెట్టుకుంటోంది. కొట్టుకునేదేమో కుడి చెంప. టార్చి వేసి చూస్తే కుడివైపు కింది దవడ పన్ను పుచ్చిపోయి, చిగురు చీము పట్టి ఉంది. పన్నుకు వైద్యం అయ్యాక పిల్ల మామూలుగా తినడం మొదలుపెట్టింది. నేను పెంచిన డోసు తగ్గించడానికి మాత్రం ఇంకో నెల పట్టింది.

దీనికి వైద్యంలో డయాగ్నొస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అని పేరు. వైకల్యం నీడలో అసలు జబ్బు కనబడకుండా పోవడం. కాబట్టి మీ తోటి సిస్టర్లకు మొట్టమొదట చెప్పాల్సింది ఇది: మాటలు రాని మనిషి తీరు ఉన్నట్టుండి మారిందంటే, కాదని తేలేదాకా అది నొప్పే అనుకోవాలి. తల కొట్టుకుంటుంటే చెవులు, పళ్లు చూడాలి. కాళ్లు ముడుచుకుంటుంటే కడుపు, మూత్రం. ఒక కాలు కింద పెట్టనంటే ఎముక విరిగిందేమో చూడాలి. ఆడపిల్లయితే నెలసరి తేదీ అడగాలి. ఇవన్నీ చూశాకే మత్తు మందు ఆలోచన.

ఇంకో మాట. బుద్ధిమాంద్యం, పిచ్చి ఒకటి కాదు. చదువుకున్నవాళ్లే కలిపేస్తుంటారు. బుద్ధిమాంద్యం అంటే ఎదిగే వయసులోనే తెలివితేటలు, రోజువారీ పనులు చేసుకునే నేర్పు వెనకబడిపోయే స్థితి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మానసిక వ్యాధి నిర్వచనం నుంచి దీన్ని విడిగా ఉంచింది.

ఇక ఆ అబ్బాయికి వచ్చిన మలబద్ధకం సంగతి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ వీళ్లలో ప్రాణం మీదకు కూడా తేవచ్చు. తిరగడం తక్కువ, నీళ్లు అడగలేరు, కొందరికి కండరాల బిగువు తక్కువ. దానికి తోడు మనం రాసే మందులు. చేతుల వణుకు తగ్గడానికని ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, కొన్ని సైకియాట్రీ మందులు, చివరకు ఐరన్ మాత్ర కూడా పేగు కదలికను మందగింపజేస్తాయి. చాలామంది బోల్తా పడేది మరోచోట. గట్టిపడిన మలం పక్క నుంచి నీళ్లలాంటిది కారుతుంటుంది. 'విరేచనాలవుతున్నాయి' అని చార్టులో రాసి, అవి కట్టుకునే మాత్ర ఇచ్చేస్తారు. నిప్పు మీద నెయ్యి పోసినట్టే. కడుపు ఉబ్బి, చేత్తో నొక్కితే గట్టిగా తగులుతూ, బట్టల్లో కొద్దికొద్దిగా మరక పడుతుంటే అది విరేచనం కాకపోవచ్చు, డాక్టరును పిలవండి. ఇంట్లో తల్లులు ఇసబ్‌గోల్ వేస్తుంటారు. అప్పటికే గడ్డకట్టి ఉంటే, అందులోనూ నీళ్లు సరిగా తాగని పిల్లలకైతే, అది ఇంకా అడ్డం పడుతుంది. బ్రిస్టల్ స్టూల్ చార్ట్ అని బొమ్మల పట్టీ ఉంది, 1 నుంచి 7 దాకా. ఒకటీ రెండూ అంటే మేక పెంటికల్లా, గట్టి ముద్దలా. ఆ బొమ్మలు చూపిస్తే చదువురాని తల్లి కూడా వేలుపెట్టి చూపిస్తుంది, క్యాలెండర్ మీద ఆ అంకె వేస్తుంది.

నొప్పిని కొలవడానికి మీ పిల్లల వార్డులో ఫ్లాక్ స్కేల్ వాడుతూనే ఉంటారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. ఇలాంటి పిల్లల కోసం దాన్ని సవరించిన రూపం ఒకటుంది. అందులో తల్లిదండ్రులు చెప్పిన గుర్తులను కూడా చేర్చుకోవచ్చు. మా క్లినిక్‌కు వచ్చే ఒక బాబు నొప్పి వస్తే ఏడవడు, నవ్వుతాడు. గట్టిగా, ఆపకుండా నవ్వుతాడు. ఆ సంగతి ఏ పుస్తకంలో ఉంటుంది? వాళ్లమ్మ చెబితే తెలియాల్సిందే.

అందుకే మీరు తోటివాళ్లకు పాఠం చెప్పేకన్నా ముందు ఒక తెల్లకాగితం మొదలుపెట్టండి. బ్రిటన్ ఆసుపత్రుల్లో దీన్ని హాస్పిటల్ పాస్‌పోర్ట్ అంటారు. అక్కడ నర్సింగులో ఇలాంటి వారి సంరక్షణ ఒక ప్రత్యేక శాఖే. మనకు అంత లేకపోయినా కాగితానికి ఖర్చేముంది? చేరిన రోజే తల్లి పక్కన కూర్చుని పది నిమిషాల్లో రాయొచ్చు. 'చిన్నోడా అంటేనే పలుకుతాడు. నొప్పి వస్తే ఎడమ చెయ్యి కొరుక్కుంటాడు. లాల అంటే స్నానం, బువ్వ అంటే అన్నం. సూది చూపించి పొడవొద్దు, ముందు తన బొమ్మకు గుచ్చినట్టు చూపించాలి. నీళ్లు స్టీలు గ్లాసులోనే తాగుతాడు.' ఇంతే. బెంగళూరు వార్డుల సంగతి మీకు నేను చెప్పాలా? సిస్టర్ మలయాళీ, ఆయా కన్నడ, పేషెంట్ తెలుగు. ఆ పిల్లాడు 'లాల, లాల' అని గంటసేపు ఏడిస్తే ఎవరికి అర్థమవుతుంది? కాగితాన్ని ఫైల్లో దాచకుండా మంచం తలవైపు తగిలించండి, డ్యూటీ మారేటప్పుడు చదివి అప్పజెప్పండి. అడిగిన ప్రశ్నకు జవాబు కోసం మనసులో పది లెక్కపెట్టండి. మనం రెండు సెకన్లలో ఇంకో ప్రశ్న వేసేస్తాం, వాళ్లకు మొదటిదే ఇంకా చేరి ఉండదు.

తల్లులకు మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. మొదటిది తినిపించడం. ఒళ్లో పడుకోబెట్టి తినిపించడం, ముక్కు మూసి మందు పోయడం మన ఇళ్లలో మామూలే. అలా పోసింది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టాలి, చిన్న స్పూను, మింగాక ఇంకోటి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తినేటప్పుడు దగ్గినా, గొంతు గరగరమన్నా స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. చాలామందికి పల్చటి చారు, నీళ్లే ఎక్కువ పొరపోతాయి, చిక్కటి రాగిజావ సులువుగా దిగుతుంది.

రెండోది ఫిట్స్. బుద్ధిమాంద్యం ఉన్న ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఒకరికి మూర్ఛ ఉంటుంది. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూను దూర్చడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగే. డాక్టర్ రాసి ఉంటే ఫిట్స్ ఆపే మిడజోలం ముక్కు స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చు. ఎలా కొట్టాలో డిశ్చార్జికి ముందు వాళ్ల చేతే ఒకసారి చేయించి చూడండి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకైతే ఏటా థైరాయిడ్ పరీక్ష చేయించాలని గుర్తుచేయండి, మందకొడితనం అనుకున్నది ఒక్కోసారి థైరాయిడే.

సంతకాల విషయం కూడా చెప్పాలి. 18 దాటాక తల్లిదండ్రులు తమంతట తాము చట్టపరమైన సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయిలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి, సంరక్షకులుగా నియమించమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఇది చాలామందికి ఆపరేషన్ ముందురోజే తెలుస్తుంది. అదే చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, ఓపీ ఖర్చులతో సహా. ఆ కుటుంబానికి దాని పేరైనా తెలుసో లేదో అడిగి చూడండి.

మీ పేషెంట్ ఇంటికి వెళ్లి ఉంటాడు కాబట్టి ఫాలోఅప్‌కు వచ్చినప్పుడు రెండు పనులు చేయండి. వాడుతున్న మందుల చీటీ మొత్తం డాక్టర్ ముందు పెట్టి, పేగును మందగింపజేసేవి ఏమున్నాయో చూడమనండి. వాళ్లమ్మకు ఇలా చెప్పండి: మూడు రోజులు దొడ్డికి వెళ్లకపోతే ఫోన్ చేయాలి, కడుపు ఉబ్బి వాంతులు మొదలైతే ఫోన్ కూడా వద్దు, అర్ధరాత్రయినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకురావాలి.